తడి ఆరకముందే

మొన్న చలి ముదిరి మొహమంతా బిగుసుకుపోతుంటే, పూసుకునేందుకు ఏదైనా కొందామని మదనపల్లె బస్టాండు దగ్గర ఒక అంగడికి వెళ్ళాను. అక్కడి పిల్ల ఇరవై ఏళ్ళు కూడా లేనిది, నా ముందర సీసాలన్నీ పేర్చి, "ఆంటీ, మీకు హైడ్రేషన్ కావల్నా, మాయిశ్చరైజర్ కావల్నా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, మా ఈడు వాళ్ళకు ఇవేమీ తెలియవని అనుకున్నట్టుంది, పాఠం మొదలుపెట్టింది: ఒకటి చర్మంలోకి నీళ్ళు ఎక్కిస్తుందట, ఇంకొకటి ఎక్కిన నీళ్ళు పోకుండా కాపాడుతుందట, రెండూ వేరువేరట, ఒకటి రాసి ఇంకొకటి రాయకపోతే లాభం లేదట. చెప్పడం చక్కగానే చెప్పింది. కానీ నాకు నవ్వు ఆగలేదు. నడి అంగడిలో పకపకా నవ్వేసరికి ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది పాపం. నిన్ను చూసి కాదమ్మా, ఇదే సంగతి తెలియక ఒకప్పుడు మా ఇంట్లో ఒక కాపురం కూలిపోబోయింది, అది గుర్తొచ్చి నవ్వానని చెప్పి, సముదాయింపుగా రెండు సీసాలూ కొనుక్కుని వచ్చాను.

కూలిపోబోయింది మా అన్న కాపురం. మేమప్పుడు పుంగనూరులో ఉండేవాళ్ళం. అమ్మానాయనా మా చిన్నప్పుడే పోతే, నాయన తల్లి, మా అవ్వ, నన్నూ అన్ననూ పెంచింది. సోమల దిక్కున మెట్టసేద్యం చేసిన మనిషి. వానలు మొహం చాటేసి సేద్యం గిట్టకపోయేసరికి, ఉన్న ఒక్క గిడ్డ ఆవును తోలుకుని మమ్మల్ని వెంటబెట్టుకుని టౌనుకు వచ్చేసింది. అన్నకు చింతపండు మండీలో పని దొరికింది. మా అవ్వ ఒక మాట అన్నదంటే ఇంట్లో అదే శాసనం. అన్న అంత ఎత్తు మనిషి, అవ్వ ముందర మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉండేవాడు. ఇప్పటికీ నాకు ఆ సంగతి తలచుకుంటే కొంచెం కోపమే.

ఆ ఇంటికి కుప్పం నుంచి కోడలుగా వచ్చింది మా వదిన. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, అంతే. మాటలో కుప్పం యాస, మధ్యమధ్య అరవం, నవ్వితే బుగ్గలు మెరిసేవి. బుగ్గల సంగతి ఊరికే చెప్పడం లేదు, ఈ కథంతా ఆ బుగ్గలదే. వచ్చిన కొన్నాళ్ళకే, ఇంట్లో ఊరికే కూర్చోవడం తన వల్ల కాదని, నేను పనికి వెళ్ళే చోటికే తానూ వచ్చింది. నేను పట్టుదారం తీసే చోట పనిచేసేదాన్ని. ఆ పని చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. సలసల కాగే నీళ్ళలో పట్టుగూళ్ళు వేస్తారు. అవి మెత్తబడ్డాక మేం తొట్టి ముందర కూర్చుని, గూటిగూటికీ దారం కొస పట్టి తీసి చరఖాకు అందిస్తాం. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా మొహం ఆ ఆవిరిలోనే. పురుగు వాసన ఒంటికి పట్టిందంటే ఎన్ని స్నానాలు చేసినా పోదు. బస్సులో మా పక్కన సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది, అది మాకు ఒక సౌకర్యం.

ఆ పనిచోటు యజమానురాలిని మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేది. మంచి మనిషే గానీ ఒక్క విషయంలో మాత్రం రాక్షసి. నూనె! పట్టుకు నూనె తగిలితే దారం మెరుపు పోతుంది, ఆ తర్వాత రంగు సరిగా అంటదు. అందుకని తొట్టి దగ్గర కూర్చునే ఆడవాళ్ళు ఎవరూ చేతికి గానీ మొహానికి గానీ నూనె, వెన్న, స్నో ఏదీ రాసుకోకూడదు. తలకు నూనె కూడా సెలవుకు ముందురోజు రాత్రి పెట్టుకుని, మరునాడు తలంటుకోవాల్సిందే. గడప దగ్గర నిలబడి మా అరచేతులు వాసన చూసి లోపలికి పంపేది. పోనుపోను అది మాకు ఆచారం లాగా అయిపోయింది. పట్టు ముందర నూనె రాసుకుంటే అన్నం పెట్టే పనికి అపచారమని మేమే ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. పైగా, మొహానికి రోజంతా ఆవిరి పడుతోంది, ఇంతకంటే నునుపు ఏముంటుందని మురిసిపోయేవాళ్ళం.

ఆ ఏడు చలి గట్టిగా పట్టింది. పైరగాలి లాంటి మంచి గాలి కాదు, ఉత్తరం నుంచి వచ్చే పొడిగాలి. సాయంత్రం వేడి ఆవిరిలోంచి లేచి ఆ గాలిలోకి నడిచి ఇల్లు చేరేవాళ్ళం. అందరి మొహాలూ కొద్దోగొప్పో చిట్లాయి గానీ, వదిన చర్మం సున్నితం కాబోలు, బుగ్గల మీద తెల్లతెల్లగా పొట్టు లేచింది. తర్వాత అవి మచ్చల్లాగా పరుచుకున్నాయి. నోటి పక్కన పగిలి, నవ్వితే రక్తం చిమ్మేది. తను నవ్వడం మానేసింది.

పొట్టు లేస్తోందంటే మురికి అనుకుంది పాపం, సబ్బు పెట్టి రుద్దింది. ఎండిపోయిందంటే నీళ్ళు చాలలేదనుకుంది, గంటగంటకూ కడిగింది. ఎంత కడిగితే అంత పగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. నీళ్ళలోనే ఉన్న మొహం ఎందుకు ఎండుతోందో మాలో ఒక్కరికీ అంతుపట్టలేదు.

అవ్వకు మాత్రం వెంటనే అంతుపట్టింది, తప్పుగా. ఒకరోజు వెలుతురులో వదిన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి లోపలికి పోయింది. ఆ రాత్రి నుంచి వదినకు వేరే కంచం. నీళ్ళ కడవ ముట్టకూడదు. ఊరగాయ జాడీ దరిదాపులకు పోకూడదు. నాలుగు రోజుల తర్వాత అన్నను పిలిచి, నేను వింటుండగానే చెప్పింది: "ఇది బొల్లి నాయనా. ఇంటికంతా అంటుకుంటాది. పెండ్లికి ముందర దాసిపెట్టినారో ఏమో. నయమయ్యేదాకా కుప్పంలో ఇడిసిపెట్టి రా."

బొల్లి అంటుకునేది కాదని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు, అప్పుడు మా ఇళ్ళలో ఎవరికి తెలుసు? నయమయ్యేదాకా అంటే ఏమిటో మాత్రం మాకందరికీ బాగా తెలుసు. మా వీధిలోనే ఒకామె అట్లాగే నయమయ్యేదాకా పుట్టింటికి వెళ్ళింది, ఆమె వచ్చేలోపే ఆ ఇంట్లో ఇంకో కోడలు కాపురానికి వచ్చేసింది. అన్న తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీరుతూ కూర్చున్నాడు. ఒక్క మాట, ఒక్క మాట అని ఉంటే ఏం పోయేది! వదిన గోడ పక్కన నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. ఏడిస్తే కన్నీళ్ళు పగుళ్ళ మీద పడి మండుతాయని ఏడవలేదట, చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఆ రాత్రి నా పక్కన పడుకుని మాత్రం, "పాపా, నేను పోతే మళ్ళా రాను గదా?" అని అడిగింది. నాకు అంతకుముందు ఎప్పుడూ లేని తెగువ వచ్చింది.

పొద్దున్నే అవ్వ ముందర నిలబడి, మదనపల్లెలో ఒక లేడీ డాక్టరు చర్మానికి చూస్తుందట, ఆమెకు చూపించకుండా వదినను పంపిస్తే నేను కూడా ఆ బస్సే ఎక్కి కుప్పం పోతానని చెప్పాను. అవ్వ అగ్గి మీద గుగ్గిలమైంది. నిన్నగాక మొన్న పావడా కట్టిన దానివి నాకు చెప్పొచ్చేంత అయ్యావా అని కేకలు వేసింది. వేసి వేసి, చివరికి సరే పదండి, ఆ డాక్టరమ్మ నోటితోనే చెప్పిస్తా, అప్పుడు ఎవురూ నన్ను అనేదానికి ఉండదు అని తానే ముందు బయలుదేరింది. రుజువు కోసం వచ్చింది గానీ వైద్యం కోసం కాదు.

డాక్టరమ్మ వదిన మొహాన్ని చేత్తో పట్టుకుని చూసింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి ముట్టుకునేసరికి వదిన ఉలిక్కిపడింది. పొట్టును గోటితో మెల్లగా గీరి, ఏం పని చేస్తావు, మొహం ఎన్నిసార్లు కడుగుతావు, ఏం రాస్తావు అని అన్నీ అడిగింది. తర్వాత బొల్లీ లేదు గిల్లీ లేదు, చర్మం ఎండిపోయింది, అంతే అన్నది. అవ్వ ఒప్పుకుంటుందా? "సూడమ్మా, పొద్దస్తమానం నీళ్ళల్లోనే ఉండే మొగం ఎండేదేంది? మాకేం తెల్దనుకుంటాండావా?" అని నిలేసింది. ప్రశ్న మంచిదే. నా మనసులో ఉన్నదీ అదే.

డాక్టరమ్మ విసుక్కోలేదు. చర్మం మీద సహజంగా పలచటి జిడ్డు ఉంటుందనీ, లోపలి తడిని కాపాడేది అదేననీ, వేడి ఆవిరీ సబ్బూ కలిసి ఆ జిడ్డును కడిగేశాయనీ, ఇక పైన ఎన్ని నీళ్ళు పోసినా నిలవక, ఆరిపోతూ ఉన్న తడిని కూడా వెంట తీసుకుపోతాయనీ చెప్పింది. సబ్బు మానేసి గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తుడిచీ తుడవకుండా, తడి ఆరకముందే కొంచెం కొబ్బరినూనె రాయమన్నది. ఎండు మొహానికి నూనె రాస్తే పైన జిడ్డే గానీ లోపల తడి ఏదీ అని నవ్వింది. అవ్వ నవ్వలేదు. చీటీ కూడా రాయని డాక్టరు ఏం డాక్టరని గొణుక్కుంటూ బస్సెక్కింది.

బస్సు పుంగనూరు దారిలో పోతోంది. మూడు రోజుల కిందట అకాల వాన ఒకటి పడి ఉంది. రోడ్డు పక్క చేలలో కొన్ని దున్ని ఉన్నాయి, కొన్ని అట్లాగే వదిలేసి ఉన్నాయి. అవ్వ కిటికీ పక్కన కూర్చుని చూస్తూనే ఉంది. వదిన కొంగు మొహానికి కప్పుకుని నా భుజం మీద వాలింది. సగం దారిలో ఉన్నట్టుండి అవ్వ తొడ చరిచి, బస్సంతా వినిపించేటట్టు అరిచింది: "ఓయమ్మో! పిల్ల మొగంలో పదును పోతాండాది మే!"

డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ సేద్యం ఎరిగినవాళ్ళు ఆ మాటకు నవ్వరు. పదును అంటే వాన పడ్డాక మట్టిలో నిలిచే తడి. మెట్టభూమికి అదే ప్రాణం. వాన ఎంత పడిందని కాదు, పదును ఎన్నాళ్ళు నిలబెట్టుకున్నావన్నదే లెక్క. వాన వెలియగానే, నేల పైపైన ఆరీ ఆరకముందే గుంటక తోలి పైమట్టిని పొడి చేసి పరిచేస్తే, ఆ పొడి దుప్పటి కింద తడి దాక్కుంటుంది. బద్ధకించి వదిలేస్తే నేల నెర్రెలు ఇచ్చి, ఆ నెర్రెల్లోంచి లోపలి తడంతా గాలికి పోతుంది. డాక్టరమ్మ చెప్పింది అవ్వకు అర్థం కాలేదు, కిటికీలోంచి నెర్రెలిచ్చిన చేను చూడగానే అర్థమైంది. "వాన పడ్తానే ఉండాది, గుంటక తోలేవోడు లేడు. పగలకేం జేస్తాది?" అని పక్కసీటు ఆవిడకు కూడా వివరించింది. ఆవిడ పురుగు వాసనకు ముక్కు మూసుకునే తలూపింది.

ఇల్లు చేరాక మా అవ్వ ఇంకో మనిషి. నిన్నటిదాకా ముట్టనివ్వనిది, ఇప్పుడు వదినను వదిలిపెడితే ఒట్టు. మొదట కొబ్బరినూనె మాట పక్కన పెట్టి, మా ఆవు వెన్నకు మించిందా అని వెన్న రాసింది. రాత్రి పిల్లి వచ్చి వదిన బుగ్గ నాకేసరికి ఇల్లంతా లేచి కూర్చున్నాం. వదిన కెవ్వుమన్నది, ఆ వెనకే నవ్వింది. పగుళ్ళు మండుతున్నా, ఇన్నాళ్ళకు మనసారా నవ్వింది. అన్న కూడా నవ్వాడు, పైగా పిల్లిని కేకలేశాడు. అవ్వ మీద వెయ్యలేని కేకలన్నీ ఆ పిల్లి మీద వేశాడని నా అనుమానం. మర్నాటి నుంచి కొబ్బరినూనే.

అసలు చిక్కు ఖాలా దగ్గర. నూనె మొహంతో తొట్టి దగ్గరికి రానివ్వదు. అవ్వ నేరుగా అక్కడికే వచ్చింది. ఒకామె పట్టు కోసం, ఒకామె మొహం కోసం, ఇద్దరు పెద్దవాళ్ళు గడపకు చెరోవైపు నిలబడి వాదించుకుంటే మేం దారాలు వదిలేసి చూశాం. "నా మాల్ ఖరాబ్ అయితే కొనేవాడు ఊరుకుంటాడా అమ్మా?" అని ఖాలా. "నీ పట్టుకు మెరుపు కావల్ల, నా పిల్లకు యాల వద్దు?" అని అవ్వ. ఆ మాట విని ఖాలా వదినను దగ్గరికి పిలిచి, మొహం వెలుతురుకు తిప్పి చూసి, యా అల్లా అని తన బుగ్గలు తడుముకుంది. ఆమెవీ పగిలే ఉన్నాయి.

చివరికి ఒప్పందం కుదిరింది. పని మధ్యలో నూనె వద్దు. పొద్దున పలచటి నూలు గుడ్డ ముక్కు మీదుగా కట్టుకుని ఆవిరి నేరుగా తగలకుండా కూర్చోవాలి. సాయంత్రం పని దిగాక, వాకిట్లో తొట్టి నీళ్ళతో మొహం కడుక్కుని, గాలిలోకి అడుగు పెట్టకముందే నూనె రాసుకుని పోవాలి. మరునాడు చేతులు సీకాయపొడితో తోముకుని, వాసన చూపించి లోపలికి రావాలి. ఆ సాయంత్రం నుంచి ఖాలాయే వాకిట్లో నూనె సీసా పట్టుకుని నిలబడేది. మేం వరుసగా తడి మొహాలతో వచ్చి అరచేయి చాపితే తలా ఇంత పోసేది. ఎవరి మొహానికి వాళ్ళం రాసుకుంటే చెవుల దగ్గరా గడ్డం కిందా వదిలేస్తామని ఒకరికొకరం రాసుకునేవాళ్ళం. ఆ వాకిట్లో ఎన్ని ముచ్చట్లు, ఎన్ని వెక్కిరింతలు! ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరు నెల తప్పారు, అన్నీ మొహాలు ముట్టుకుంటూనే తెలిసిపోయేవి.

చలి వెనకబడేలోగా వదిన బుగ్గలు మళ్ళీ ఆ బుగ్గలే అయ్యాయి. అవ్వ తప్పయిందని ఎన్నడూ అనలేదు, అనే రకం కాదు. ఒక మధ్యాహ్నం అందరం అన్నాలకు కూర్చుంటే, వడ్డిస్తున్నదల్లా ఆగి, "ఊరగాయ జాడీలో నువ్వే సెయ్యి పెట్టు మే. నాకు కండ్లు ఆనడంల్యా" అన్నది. అవ్వ కళ్ళకు ఏ లోపమూ లేదని మాకు తెలుసు. వదిన జాడీ మూత తీస్తూ ఏడ్చింది. ఇప్పుడు ఏడ్చినా మండదు కదా.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు అన్నావదినలు కుప్పం వెళ్ళి స్థిరపడ్డారు, అవ్వను కూడా తీసుకుపోయారు. మంచాన పడ్డాక ఆమెను చూసుకున్నది వదినే. నేను వెళ్ళినప్పుడు ఒక పొద్దున చూశాను. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి అవ్వ మొహం తుడిచి, ఆ తడి మీదే రెండు చేతులతో నుదురూ చెంపలూ ముడతల్లోకి నూనె రాస్తోంది. జన్మంతా ఎండలో కాగిన ఆ మొహానికి ఎవరైనా ఏదైనా రాయగా నేను చూడటం అదే మొదటిసారి. అవ్వ కళ్ళు మూసుకుని, "మాయమ్మ పోయినాక నా మొగాన్ని ఎవురూ ఇట్ల ముట్టలేదు మే" అన్నది. వదిన చెయ్యి ఆపలేదు. అప్పుడు తరిమెయ్యబోయింది ఎవరు, ఇప్పుడు తల కింద చెయ్యి వేసి లేపేది ఎవరు అని ఎవరూ లెక్కలు చూసుకోలేదు. ఆ ఇంట్లో అవి ఎప్పుడో తీరిపోయాయి.

కాలం చెడిపోయిందని నేను అనను. ఈనాడు బుగ్గ మీద ఇంత పొట్టు లేచిందని ఏ కోడలినీ పుట్టింటికి పంపరు. పంపుతామంటే అంగడిలోని ఆ పిల్ల లాంటిది ఒకతె లేచి నాలుగు మాటలు గట్టిగా చెబుతుంది. ఆ మేరకు నాకు ఎంతో సంతోషం. కొన్న సీసాలు కూడా మంచివే, మొహం హాయిగానే ఉంది. కాకపోతే మా మనవరాళ్ళను చూస్తుంటాను, తలుపు వేసుకుని, అద్దం ముందర ఒక్కొక్కరే నిలబడి, ఎంతో శ్రద్ధగా, ఏది ముందో ఏది వెనకో తప్పకుండా రాసుకుంటారు. ఒకరి మొహం ఇంకొకరు ముట్టుకోవలసిన పని ఎవరికీ లేదు. నేనూ అంతే. పొద్దున కడుక్కుని, తుడుచుకోకుండా రాసుకుంటాను, చెవుల దగ్గరా గడ్డం కిందా కూడా మరిచిపోను. అన్నీ సరిగ్గానే చేస్తున్నాను, చెయ్యి మాత్రం నాదే.